పాస్‌పోర్టు ఉంది, ప్రవేశం లేదు

1982 డిసెంబర్ 31 దాకా లండన్‌లో పుట్టినవారూ, హాంకాంగ్‌లో పుట్టినవారూ, దక్షిణ అట్లాంటిక్ నడుమ ఉన్న సెయింట్ హెలెనా దీవిలో పుట్టినవారూ చట్టం లెక్కలో ఒకే రకం పౌరులు. ‘యునైటెడ్ కింగ్‌డమ్, వలసల పౌరులు’ అన్నది వారందరి ఉమ్మడి పేరు. మర్నాడు, 1983 జనవరి 1న, 1981 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టం అమల్లోకి వచ్చింది. ఉమ్మడి పౌరసత్వం మూడు ముక్కలైంది. పుట్టుక ద్వారానో, తల్లిదండ్రుల ద్వారానో, తాతల ద్వారానో బ్రిటన్‌తో ముడి ఉన్నవారు బ్రిటిష్ పౌరులయ్యారు. ఇంకా బ్రిటన్ ఏలుబడిలోనే ఉన్న వలసలవారు బ్రిటిష్ అధీన ప్రాంతాల పౌరులయ్యారు. స్వతంత్రమైపోయిన పాత వలసల్లో పాత పౌరసత్వంతో మిగిలిపోయినవారు బ్రిటిష్ సాగరాంతర పౌరులయ్యారు. బ్రిటన్‌లో అడుగుపెట్టి నివసించే హక్కు మొదటి తరగతికే దక్కింది. తక్కిన రెండు తరగతులకూ రాణి పేరిట ఇచ్చిన పాస్‌పోర్టు ఉండేది, ఆ రాణి దేశంలో ఉండే హక్కు మాత్రం ఉండేది కాదు. ఈ సంస్కరణ ముసాయిదా దశలో ఉన్నప్పుడే వలసల ప్రజలు లండన్‌కు వినతులు పెట్టుకున్నారు, ప్రతినిధులను పంపారు, పార్లమెంటు సభ్యులను కలిశారు. తమ హోదా దిగజారుతుందన్నది వారి ఆందోళన. ఆ తర్వాతి నలభై ఏళ్ల చరిత్రను వరసగా చూస్తే ఆ ఆందోళన నిజమేనని తేలుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి కూడా బయటపడుతుంది. వారికి హక్కు ఇవ్వకపోవడానికి సూత్రాలుగా చెప్పినవి సూత్రాలు కావు. మీరు ఎంతమంది, మీ తరఫున లండన్‌లో మాట్లాడేది ఎవరు అన్న రెండు ప్రశ్నలే ఎప్పటికప్పుడు ఫలితాన్ని తేల్చాయి.

ఈ వ్యవహారం మూలాలు 1948లో ఉన్నాయి. అంతకు ముందు బ్రిటిష్ సామ్రాజ్యంలో పౌరసత్వమన్న భావనకు చట్టంలో చోటు లేదు. రాజు ఏలే నేల మీద పుట్టినవారు రాజుకు విధేయులు, వారిని కాపాడడం రాజు బాధ్యత. స్కాట్లండ్‌లో పుట్టిన ఒక పసివాడి ఆస్తి హక్కు గురించి 1608లో కాల్విన్ కేసులో ఇంగ్లండ్ న్యాయమూర్తులు చెప్పిన ఈ న్యాయమే మూడు శతాబ్దాలకు పైగా నడిచింది. 1914 చట్టం దాన్నే రాతలో పెట్టింది. మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టిన తెలుగువారు కూడా ఆ లెక్కన బ్రిటిష్ ప్రజలే. 1946లో కెనడా తన పౌరసత్వానికి సొంత చట్టం చేసుకోవడంతో పాత అల్లిక సడలింది. దాన్ని తిరిగి బిగించడానికి బ్రిటన్ 1948 చట్టం తెచ్చింది, 1949 జనవరి 1న అది అమల్లోకి వచ్చింది. స్వతంత్ర దేశాలవారికి ఎవరి పౌరసత్వం వారిది, మిగిలిన వలసలకూ బ్రిటన్‌కూ కలిపి ఒకే పౌరసత్వం, అందరికీ బ్రిటన్‌లోకి స్వేచ్ఛా ప్రవేశం. ఇందులో పెద్ద ఉదారత ఏమీ లేదని, సామ్రాజ్యపు ఐక్యతను నిలుపుకోవాలన్న తాపత్రయమే ఉందని, వలసల నుంచి ఇంతమంది వస్తారని ఆనాటి పాలకులు ఊహించనేలేదని చరిత్రకారులు చాలాకాలంగా చెబుతున్నారు. అది నిజమే. కానీ చట్టం చేసినవారి ఆంతర్యం ఏదైనా, రాసిన మాట రాసినట్టే నిలుస్తుంది. దాన్ని నమ్మి మనుషులు ఊళ్లు వదిలారు, ఉద్యోగాల్లో చేరారు, స్వాతంత్ర్యం వచ్చిన కొత్త దేశాల్లో ఏ పౌరసత్వం తీసుకోవాలో నిర్ణయించుకున్నారు.

కెన్యాలోని ఆసియా సంతతివారి కథ ఈ నమ్మకానికి పట్టిన గతిని చూపుతుంది. 1963 డిసెంబర్ 12న కెన్యా స్వతంత్రమైనప్పుడు అక్కడి గుజరాతీ, పంజాబీ కుటుంబాలకు కెన్యా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునేందుకు రెండేళ్ల గడువు ఇచ్చారు. చాలామంది పాత బ్రిటిష్ పౌరసత్వాన్నే ఉంచుకున్నారు. 1962 చట్టం కామన్వెల్త్ దేశాలవారి రాకకు అడ్డుకట్ట వేసినా, లండన్ ప్రభుత్వం స్వయంగా ఇచ్చిన పాస్‌పోర్టు ఉన్నవారిని అది ముట్టుకోలేదు. స్వాతంత్ర్యం తర్వాత వీరి పాస్‌పోర్టులను గవర్నర్ బదులు బ్రిటిష్ హైకమిషన్ జారీ చేసింది కాబట్టి వీరు ఆ ఆంక్షల పరిధిలోకి రాలేదు. 1967లో కెన్యా ప్రభుత్వం పౌరులు కానివారి ఉద్యోగ వ్యాపారాలపై కట్టడి మొదలుపెట్టడంతో ఈ కుటుంబాలు బ్రిటన్ విమానాలెక్కాయి. 1968 ఫిబ్రవరి చివర హోం మంత్రి జేమ్స్ కాలహన్ ప్రవేశపెట్టిన బిల్లు మూడు రోజుల్లో ఉభయ సభలూ దాటి మార్చి 1న చట్టమైంది. తాను గానీ, తల్లిదండ్రుల్లోనో తాత అవ్వల్లోనో ఒకరు గానీ బ్రిటన్‌లో పుట్టినవారో, అక్కడ పౌరసత్వం పొందినవారో అయితే తప్ప ఆ పాస్‌పోర్టుతో ప్రవేశం లేదన్నది దాని సారం. తాత షరతు తెల్ల సెటిలర్లకు దారి ఉంచి గోధుమ రంగువారికి మూసిందని చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. ఏడాదికి 1,500 కుటుంబ పెద్దలకు వోచర్లు అన్నారు. భారత ప్రభుత్వం సైతం కెన్యా నుంచి వచ్చే బ్రిటిష్ పాస్‌పోర్టుదారులకు వీసా తప్పనిసరి చేసింది. ఏ దేశమూ దిగనివ్వక విమానాశ్రయాల మధ్య తిరిగినవారు ఎందరో. 1973లో యూరోపియన్ మానవ హక్కుల కమిషన్ ఈ కేసును పరిశీలించి, జాతి ప్రాతిపదికపై జరిగిన ఈ వివక్ష మనిషిని హీనపరిచే వ్యవహారమేనని తేల్చింది. అప్పటికి 1971 వలస చట్టం వచ్చి అదే తాత షరతును మరింత విస్తరించి, పేట్రియల్ అనే వర్గాన్ని సృష్టించి, నివాస హక్కును ఆ వర్గానికే పరిమితం చేసింది.

1977లో లేబర్ ప్రభుత్వం జాతీయతా చట్టం మార్పులపై చర్చాపత్రం తెచ్చింది. 1980 జులైలో కన్సర్వేటివ్ ప్రభుత్వం శ్వేతపత్రం విడుదల చేసింది. పార్టీలు మారినా దిశ మారలేదన్నది గమనించవలసిన విషయం. వలస చట్టాలు అప్పటికే ఎవరిని లోపలికి రానిచ్చాయో వారినే కొత్త చట్టం పౌరులు అనాలి. అంటే పౌరుడు కాబట్టి ప్రవేశం అన్న పాత క్రమం తిరగబడి, ప్రవేశం ఉంది కాబట్టి పౌరుడు అన్న కొత్త క్రమం వచ్చింది. ఇందుకు వలసలు ఒక్కొక్కటీ తన పరిస్థితికి తగ్గట్టు స్పందించాయి. హాంకాంగ్‌ది అన్నిటికన్నా లోతైన భయం. 1898లో 99 ఏళ్ల లీజుకు తీసుకున్న న్యూ టెరిటరీస్ గడువు 1997తో ముగుస్తుంది. 1979లో గవర్నర్ మెక్లహోస్ బీజింగ్ వెళ్లివచ్చాక లీజు సంగతి అందరి మనసుల్లోనూ మెదులుతోంది. అలాంటి సమయంలో ఇరవై లక్షలకు మించిన జనాన్ని బ్రిటిష్ పౌరసత్వం నుంచి వేరుచేసి మరో తరగతిలో పెట్టడం దేనికి సన్నాహమని అక్కడివారు అడిగారు. శాసనమండలి సభ్యులు లండన్ వెళ్లి మొరపెట్టుకున్నారు. ఇతర దేశాల వీసా అధికారులు తమ పాస్‌పోర్టును రెండో రకంగా చూస్తారన్న చింత కూడా వారిది. అది వట్టి చింతగా మిగల్లేదు. యూరోపియన్ సముదాయపు ప్రయోజనాలకు తన జాతీయులెవరో బ్రిటన్ 1982 చివర కొత్తగా ప్రకటించినప్పుడు అధీన ప్రాంతాల పౌరుల్లో జిబ్రాల్టర్‌వారికి మాత్రమే చోటిచ్చింది.

జిబ్రాల్టర్ కథ వేరుగా నడిచింది. ముప్పై వేల జనాభా గల ఆ రాతికొండకు పార్లమెంటులో మిత్రులు ఎక్కువ. పక్కనే స్పెయిన్ ఆ నేల తనదంటోంది. బిల్లు ప్రభువుల సభకు వచ్చినప్పుడు జిబ్రాల్టర్‌వారు కోరితే బ్రిటిష్ పౌరులుగా నమోదు చేయాలన్న సవరణ నెగ్గింది. యూరోపియన్ సముదాయపు నియమాల వల్ల వారికి బ్రిటన్‌లో పనిచేసే హక్కు ఎలాగూ ఉంది కదా అన్న వాదన అందుకు పనికొచ్చింది. అదే సభలో ఫాక్‌లాండ్ దీవులవారి కోసం అలాంటి సవరణే వస్తే అటూ ఇటూ సమానంగా ఓట్లు పడి వీగిపోయింది. ఆ దీవుల జనం 1,800 మంది. ఎక్కువమంది బ్రిటిష్ సంతతివారే. నాలుగైదు తరాలుగా అక్కడే ఉన్నందువల్ల తాతల్లో ఎవరూ బ్రిటన్‌లో పుట్టని కుటుంబాలు ఈ చట్టంతో బ్రిటిష్ పౌరసత్వం కోల్పోయాయి. వివక్షకు రంగు ఒక్కటే కారణమని అనుకునేవారు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఫాక్‌లాండ్‌కు ఇస్తే హాంకాంగ్‌కు ఎందుకు ఇవ్వరన్న ప్రశ్నకు జవాబు దొరకదన్న భయమే అక్కడ నిర్ణాయకమైంది. హాంకాంగ్‌లోని లక్షల మంది ఆసియావాసులను దూరంగా ఉంచడానికి పద్దెనిమిది వందల తెల్లవారినీ వదులుకోవడానికి ప్రభుత్వం సిద్ధపడింది. రంగు పాత్ర ఇందువల్ల తగ్గదు. అది ఎంత దూరం పనిచేసిందో మాత్రం తెలుస్తుంది.

చట్టానికి రాజముద్ర పడింది 1981 అక్టోబర్ 30న. 1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా సేనలు ఫాక్‌లాండ్స్‌లో దిగాయి. జూన్ 14న అర్జెంటీనా లొంగిపోయే సరికి 255 మంది బ్రిటిష్ సైనికులు, 649 మంది అర్జెంటీనావారు, ముగ్గురు దీవివాసులు చనిపోయారు. మా ప్రజలు అంటూ యుద్ధానికి దిగిన ప్రభుత్వం ఆ ప్రజల్లో కొందరిని తమ పౌరులు కారని ఐదు నెలల క్రితమే చట్టంలో రాసుకుంది. 1983 మార్చిలో ఫాక్‌లాండ్ దీవుల కోసం ప్రత్యేక చట్టం తెచ్చి ఆ ఏడాది జనవరి 1 నుంచే వర్తించేలా వారందరికీ బ్రిటిష్ పౌరసత్వం ఇచ్చారు. ఇచ్చినందుకు తప్పుపట్టేదేమీ లేదు. 1981లో ఎందుకు ఇవ్వలేమని వాదించారో ఆ కారణాల్లో ఒక్కటీ 1983 నాటికి మారలేదు. దీవుల జనాభా అదే, వారి పూర్వీకులు వారే, హాంకాంగ్ సమస్య అదే. మారింది లండన్‌లో వారి పలుకుబడి. హక్కు అనేది ఇలా సంపాదించుకోవలసినదైతే, యుద్ధం రాని దీవులవారికి ఏ దారి మిగిలింది?

సెయింట్ హెలెనా అలాంటి దీవే. ఈస్టిండియా కంపెనీ పాలనలో అక్కడ స్థిరపడినవారికీ వారి సంతతికీ ఇంగ్లండ్‌లో పుట్టినవారితో సమానమైన హక్కులుంటాయని 1673లో రెండో చార్లెస్ రాజు సనదులో రాసిచ్చాడు. మూడు శతాబ్దాల తర్వాత ఆ హామీ ఒక సాధారణ చట్టంతో పక్కకు పోయింది. అప్పట్లో విమానాశ్రయం లేదు, పరిశ్రమ లేదు, ఓడ ఎక్కి అసెన్షన్‌కో ఫాక్‌లాండ్‌కో పనికి పోవడం తప్ప యువతకు మార్గం లేదు. 1992లో అక్కడి చర్చి పెద్దల చొరవతో పౌరసత్వంపై ఒక కమిషన్ ఏర్పడింది. పాత సనదును పట్టుకుని పదేళ్ల పాటు లండన్ చుట్టూ తిరిగింది. కొన్ని వేల మంది దీవివాసుల ఈ ఓపికైన పోరాటాన్ని పెద్ద పత్రికలు పట్టించుకున్నది తక్కువ. నా దృష్టిలో ఈ మొత్తం వివాదంలో అత్యంత పరిశుభ్రమైన వాదన వారిదే. వారు దయ అడగలేదు, సంఖ్య చూపించి భయపెట్టలేదు. మీరు రాసిచ్చిన మాట ఇది, దీన్ని మా అంగీకారం లేకుండా మీరు తీసేశారు అన్నారు.

హాంకాంగ్ విషయంలో 1984 డిసెంబర్ 19న చైనాతో సంతకమైన ఉమ్మడి ప్రకటన తర్వాత మరో మెట్టు దిగారు. 1997 జులై 1 తర్వాత అధీన ప్రాంతాల పౌరసత్వం కూడా ఉండదు, దాని బదులు బ్రిటిష్ నేషనల్ ఓవర్సీస్ అనే హోదా ఉంటుంది, బ్రిటన్‌లో నివాస హక్కు ఉండదు, పిల్లలకు సంక్రమించదు. 1989 జూన్ 4న తియానన్మెన్ ఘటనతో హాంకాంగ్ వణికిపోయింది. ఆ మరుసటి ఏడాది చట్టం చేసి 50,000 కుటుంబాల పెద్దలకు, వారి భార్యాబిడ్డలకు పూర్తి పౌరసత్వం ఇచ్చారు. వయసు, చదువు, వృత్తి, అనుభవాలకు మార్కులు వేసి ఎంపిక చేశారు. వారు వలస రావాలని కాదు, ఆ భరోసాతో హాంకాంగ్‌లోనే ఉండిపోవాలని ఉద్దేశం. ఆ ఉద్దేశంలోనే ఒక ఒప్పుకోలు ఉంది. తలుపు తెరిచి ఉందని తెలిసినవాడు ఇల్లు విడిచి పరుగెత్తడని ప్రభుత్వమే అంగీకరించింది. అలాంటప్పుడు అందరికీ తెరిస్తే అందరూ వస్తారని ఎలా వాదించగలిగింది? ఇక అక్కడి భారత, పాకిస్తాన్, నేపాల్ సంతతి కుటుంబాల పరిస్థితి మరీ ఘోరం. చైనా వంశీయులను చైనా తన జాతీయులుగా గుర్తిస్తుంది. వీరిని ఆ దేశం తనవారనదు, బ్రిటన్ రానివ్వదు. ప్రభువుల సభలో కొందరు సభ్యులు ఏళ్ల తరబడి పట్టుబట్టిన తర్వాత, అధికార మార్పిడికి మూడున్నర నెలల ముందు, 1997 మార్చిలో వీరికి పౌరసత్వం ఇస్తూ చట్టం వచ్చింది.

అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న మకావ్‌లో పోర్చుగల్ ఏం చేసిందో చూడాలి. ఆ దేశమూ 1981లోనే జాతీయతా చట్టాన్ని సంస్కరించింది. మకావ్ నేల మీద పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదని అప్పుడు నిర్ణయించినా, అంతకు ముందు పుట్టి పౌరులైనవారిని మాత్రం అలాగే ఉంచింది. 1999 డిసెంబర్ 20న మకావ్ చైనాకు వెళ్లినప్పుడు లక్ష మందికి పైగా అక్కడివారు పూర్తి పోర్చుగీసు పౌరులు, లిస్బన్‌లోనూ పారిస్‌లోనూ ఉండే హక్కు గలవారు. పోర్చుగల్ నిష్కళంకం కాదు. ఆఫ్రికా వలసలు స్వతంత్రమైనప్పుడు 1975లో ఒక డిక్రీతో అక్కడి నల్లవారిలో అత్యధికుల పౌరసత్వాన్ని అది ఒక్క దెబ్బతో రద్దు చేసింది. ఆ రెండు ఉదాహరణల మధ్య తేడా కూడా నా వాదననే బలపరుస్తోంది. మకావ్ చిన్నది, అంగోలా, మొజాంబిక్ పెద్దవి.

చివరకు 2002 మే 21న సాగరాంతర భూభాగాల చట్టం కింద మిగిలిన వలసల ప్రజలందరికీ, సైప్రస్‌లోని సైనిక స్థావరాల సంబంధీకులకు తప్ప, పూర్తి బ్రిటిష్ పౌరసత్వం వచ్చింది. సెయింట్ హెలెనా, బెర్ముడా, కేమన్, మాంట్‌సెరాట్ అన్నిటికీ ఒకే చట్టం. అన్నీ కలిపినా రెండు లక్షలకు అటూ ఇటూ జనం. హాంకాంగ్ చేయిదాటిన ఐదేళ్లకు ఇది సాధ్యమైంది. 1981లో ఇది అసాధ్యమనడానికి హాంకాంగ్ తప్ప మరో కారణం లేదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. సంఖ్య న్యాయమైన కారణం కాదా అని ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. ఐదున్నర కోట్ల జనాభా గల దేశం ఇరవై ముప్పై లక్షల మందికి హక్కు ఇచ్చి, వారంతా ఒకేసారి వస్తే ఇళ్లు, బడులు, ఆసుపత్రులు చాలుతాయా అన్న ప్రశ్న తేలిగ్గా తీసేయదగింది కాదు. అయితే ఆ భయానికి ఇప్పుడు అనుభవం జవాబు చెబుతోంది. 2020 జూన్ 30న హాంకాంగ్‌లో జాతీయ భద్రతా చట్టం వచ్చాక బ్రిటన్ 2021 జనవరి 31 నుంచి పాత బ్రిటిష్ నేషనల్ ఓవర్సీస్ హోదా గలవారికి ప్రత్యేక వీసా తెరిచింది. ఆ హోదా గలవారు దాదాపు 29 లక్షలని ప్రభుత్వమే లెక్క కట్టింది, కుటుంబ సభ్యులు అదనం. ఇంతటి రాజకీయ ఒత్తిడిలోనూ తొలి నాలుగేళ్లలో వచ్చినవారు లక్షన్నర పైచిలుకు. వచ్చినవారిలో అధికులు చదువుకున్నవారు, కుటుంబాలతో వచ్చినవారు. ఫీజులు, ఆరోగ్య సర్‌చార్జి కట్టి, ఐదేళ్లు ఉండి, ఆ తర్వాత మరో ఏడాదికి పౌరసత్వం అడగాలి. 1981లో పుట్టుహక్కుగా ఉంచి ఉంటే సరిపోయేదాన్ని నలభై ఏళ్ల తర్వాత వెలకట్టి ఇస్తున్నారు.

1981 చట్టం ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదని, ప్రవేశ హక్కు 1968లోనూ 1971లోనూ పోయిందని, ఈ చట్టం ఉన్న స్థితికి సరైన పేర్లు పెట్టిందని మరో వాదన ఉంది. న్యాయశాస్త్రం తెలిసినవారు ఎక్కువగా చెప్పేది ఇదే, పైకి బలంగానే కనిపిస్తుంది. కానీ వలస చట్టం ఒక ఆంక్ష. ఆంక్షను రేపటి ప్రభుత్వం ఎత్తివేయవచ్చు, కోర్టులో సవాలు చేయవచ్చు, పౌరుణ్ని అడ్డుకోవడం అన్యాయమని అంతర్జాతీయ వేదికపై చెప్పవచ్చు. 1973లో కెన్యావారు గెలిచింది ఆ పౌరసత్వం వల్లనే. పౌరసత్వమే వేరైతే ఆ వాదనకు కాళ్లు ఉండవు. పైగా సాగరాంతర పౌరసత్వం బిడ్డలకు సంక్రమించకుండా రాశారు కాబట్టి ఆ తరంతో అది అంతరించిపోవాలన్నదే ఏర్పాటు. మలేషియాలో పెనాంగ్, మలక్కా పాత బ్రిటిష్ సెటిల్‌మెంట్లు కావడంతో అక్కడ ఎంతోమందికి మలేషియా పౌరసత్వంతో పాటు ఈ హోదా కూడా మిగిలింది. వేరే ఏ పౌరసత్వమూ లేని సాగరాంతర పౌరులు బ్రిటిష్ పౌరులుగా నమోదు కావచ్చని 2002లో మరో చట్టం అవకాశం ఇచ్చింది. ఆ ఏడాది జులై 4 తర్వాత తమంతట తాము పౌరసత్వం వదులుకున్నవారికి అది వర్తించదని కూడా రాసింది. ఇది సరిగా తెలియక, లేదా తప్పుడు సలహా విని, మలేషియా పౌరసత్వం వదులుకుని ఏ దేశానికీ చెందకుండా పోయినవారున్నారు. పేర్ల మార్పు వల్ల నష్టం లేదనేవారు వారి సంగతి ఆలోచించాలి.

ఎవరిని రానివ్వాలో నిర్ణయించుకునే అధికారం ప్రతి దేశానికీ ఉంది, సామ్రాజ్యం పోయాక పాత సంబంధాలు కొత్త దేశాల బాధ్యత అన్నది ఇంకో ఆక్షేపణ. పరాయివారి విషయంలో ఆ అధికారాన్ని ఎవరూ కాదనరు. ఇక్కడ ప్రశ్న తన పౌరుల గురించి. సామ్రాజ్యాలు వెళ్లిపోతూ కూడా మనుషులను అడిగి నిర్ణయించవచ్చని చూపే ఉదాహరణ తెలుగునేల మీదే ఉంది. యానాం, పుదుచ్చేరి, కారైకల్, మాహేలను భారత్‌కు అప్పగిస్తూ 1956 మే 28న కుదిరిన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. అక్కడే పుట్టి అక్కడే నివసిస్తున్న ఫ్రెంచి జాతీయులు భారతీయులవుతారు, ఆరునెలల్లో లిఖితపూర్వకంగా ప్రకటిస్తే ఫ్రెంచి జాతీయత ఉంచుకోవచ్చు. అక్కడ పుట్టి భారత్‌కు వెలుపల ఉంటున్నవారు ఫ్రెంచివారిగానే ఉంటారు, కోరితే భారతీయులు కావచ్చు. ఆరునెలల గడువు చాలా తక్కువ. దాని విలువ తెలియక వదులుకున్న కుటుంబాలు ఎన్నో. అయినా ఎంచుకున్నవారికి దక్కింది రెండో రకం పౌరసత్వం కాదు, పారిస్‌లో పుట్టినవారి పౌరసత్వమే. దీనికి పూర్తి భిన్నంగా బర్మా ఉంది. రంగూన్ రేవులోనూ ధాన్యం మిల్లుల్లోనూ చెమటోడ్చిన ఉత్తరాంధ్ర, గోదావరి కూలీలు ఒకే సామ్రాజ్యంలో ఒక చోటు నుంచి మరో చోటికి వెళ్లామనుకున్నారు. 1948లో బర్మా స్వతంత్రమయ్యాక వారు పరాయివారయ్యారు, 1960లలో లక్షల మంది భారతీయులు తిరిగి రావలసి వచ్చింది. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ గుంపుల్లో వచ్చినవారి నివాసమే. 1982లో బర్మా చేసిన పౌరసత్వ చట్టం కూడా ప్రజలను మూడు తరగతులుగా విడగొట్టింది. బ్రిటన్ చట్టానికీ దీనికీ ఏడాది తేడా. కొత్త దేశాల బాధ్యత అని చెప్పి చేతులు దులుపుకున్నప్పుడు మనుషులు ఎక్కడ పడతారో ఈ ఉదాహరణ చెబుతుంది.

వలసల ప్రజలంతా పూర్తి పౌరసత్వం కోసం అర్రులు చాచారనుకోవడం కూడా సరికాదు. అమెరికన్ సమోవాలో పుట్టినవారు అమెరికా జాతీయులే గానీ పౌరులు కారు. దీన్ని కొందరు సమోవావారు కోర్టులో ప్రశ్నిస్తే అక్కడి స్థానిక ప్రభుత్వమే వ్యతిరేకించింది. తమ భూములు ఉమ్మడి వంశ ఆస్తులు, అమెరికా రాజ్యాంగపు సమానత్వ సూత్రం పూర్తిగా వర్తిస్తే ఆ పద్ధతి నిలవదని దాని భయం. 2022 అక్టోబర్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించింది. బ్రిటిష్ భూభాగాల్లోనూ ఇలాంటి జంకు ఉండేది. బ్రిటిష్ పౌరసత్వం తీసుకుంటే లండన్‌వారంతా వచ్చి తమ చిన్న దీవుల్లో స్థిరపడే హక్కు అడుగుతారేమోనని బెర్ముడా వంటి చోట్ల అనుకున్నారు. 1999 శ్వేతపత్రం అలాంటి ప్రతిఫలం అడగబోమని స్పష్టం చేసింది. మీరు మా దగ్గరికి రావచ్చు, మేం మీ దగ్గరికి రాలేమా, ఇది సమానత్వమా అని కొందరు బ్రిటన్‌వారు అడుగుతారు. నాలుగైదు వేల మంది ఉన్న దీవికీ ఆరేడు కోట్ల దేశానికీ మధ్య ఒకే నియమం సమానంగా పనిచేయదు. దీవి అస్తిత్వాన్ని కాపాడుకునే అధికారం దీవికి ఉండాలి. సమోవా ఉదాహరణ పౌరసత్వానికి వ్యతిరేకం కాదు. ఆ ప్రజలను అడగకుండా ఏదీ రుద్దకూడదన్న దానికే అది రుజువు.

అడగకపోవడం వల్ల కలిగే నష్టానికి చాగోస్ దీవుల ప్రజలు ఇప్పటికీ సాక్ష్యం. 1965లో ఆ దీవులను మారిషస్ నుంచి విడదీసి, 1968, 1973 మధ్య జనాన్ని ఓడల్లో మారిషస్‌కు, సీషెల్స్‌కు తరలించి, డియెగో గార్సియాను అమెరికా స్థావరానికి ఇచ్చారు. పుట్టిన నేల మీద బిడ్డలను కనే అవకాశాన్ని తామే లాక్కుని, ఆ బిడ్డలు అక్కడ పుట్టలేదు కాబట్టి పౌరులు కారన్నారు. 2002 చట్టం మొదటి తరం బిడ్డల్లో కొందరికి, 1969 ఏప్రిల్ 26 తర్వాత పుట్టినవారికి, పౌరసత్వం ఇచ్చింది. మనవలు మిగిలిపోయారు. ఒకే ఇంట్లో తల్లి బ్రిటిష్ పౌరురాలు, కొడుకు కాదు. 2022 చట్టం వచ్చాక గానీ వంశీయులందరికీ దారి దొరకలేదు. ఆ ఏడాది నవంబర్ 23 నుంచి పెద్దలకు ఐదేళ్ల గడువు. 2025 మే 22న దీవుల సార్వభౌమాధికారంపై బ్రిటన్, మారిషస్ ఒప్పందంపై సంతకాలు చేసినప్పుడు కూడా తమను అడగలేదని చాగోస్ ప్రజల్లో పలువురు నిరసన తెలిపారు.

ఇన్ని సవరణల తర్వాత కూడా ఒక పని మిగిలే ఉంది. తన దేశంలోకి ప్రవేశించే హక్కును ఏ మనిషికీ నిరాకరించరాదని యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడిక నాలుగో ప్రోటోకాల్ 1963లోనే చెప్పింది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక పన్నెండో అధికరణ కూడా అదే చెబుతోంది. బ్రిటన్ ఆ ఒడంబడికను 1976లో ఆమోదించేటప్పుడు తన వలస చట్టాలకు మినహాయింపు రాసుకుంది. జాతీయతా చట్టాన్ని మార్చే ఏ ప్రభుత్వమైనా, లండన్‌లోనైనా మరెక్కడైనా, మొదట చేయవలసింది ఈ హక్కును ఒప్పుకోవడం, రెండోది ఎవరి హోదా మారుతుందో వారి అంగీకారం తీసుకోవడం. నివాస హక్కు లేని పౌరసత్వాన్ని ఏ చట్టంలోనూ ఉంచకూడదు. నాలుగో ప్రోటోకాల్‌పై బ్రిటన్ 1963లో సంతకం చేసింది, ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు.